అక్కడి డబ్బాకి ఇక్కడి వైద్యం

తెనాలిలో అమ్మ తెల్లవారుజామున కాఫీకి లేచి వంటింటి తలుపు తీస్తే, న్యూజెర్సీలో రాత్రి భోజనాల దగ్గర నా ఫోను చిన్నగా మోగుతుంది. అందుకోసం ఆ ఇంట్లో అరచేయంత కంప్యూటరు డబ్బా ఒకటి పెట్టాను. అమ్మా నాన్నగారూ ఆర్నెల్లు మా దగ్గరుండి తిరిగి వెళ్ళి, మెయిన్ స్విచ్ వేశారు. డబ్బా మీద లైట్లన్నీ వెలిగాయిట. నా ఫోను మాత్రం మోగలేదు.

ఇలాంటి వాటిని మా వృత్తిలో ఎడ్జ్ పరికరాలంటారు. ఎక్కడో డేటా సెంటరులో కాకుండా, పని జరిగే చోటే ఉండే చిన్న కంప్యూటర్లు. దుకాణంలో ఫ్రిజ్ వెనక ఉంటాయి, చమురు బావి పక్కన ఉంటాయి. వాటిలో సర్వీసులనే ప్రోగ్రాములు ఎవరూ చూడకపోయినా నడుస్తూంటాయి. నడిచినన్నాళ్ళూ సుఖమే. జబ్బు చేస్తేనే చిక్కు, మన చెయ్యి అందదు.

దూరాన ఉన్న డబ్బా మాట్లాడకపోతే కారణాలు చాలా ఉండొచ్చు. కరెంటు లేదేమో. ఇంటర్నెట్ పోయిందేమో. సర్వీసు చచ్చిపోయిందేమో, లేదా బతికుండి కూడా బయటికి దారి దొరకడం లేదేమో. లేదా డబ్బా బాగానే ఉండి, అమ్మే లేవలేదేమో. ఇక్కడ కూర్చుంటే ఇవన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి.

ఇంతకన్నా దూరపు రోగులకి వైద్యం చేసినవాళ్ళు కాలిఫోర్నియాలో, పాసడీనా జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలో ఉన్నారు. 2004 జనవరిలో అంగారకుడి మీద దిగిన స్పిరిట్ రోవర్ మూడు వారాలు తిరక్కుండానే మొరాయించింది. దాని ఫ్లాష్ మెమరీలో ఫైళ్ళు పేరుకుపోయాయి. లేవగానే వాటి జాబితా చదవబోవడం, చోటు చాలక పడిపోవడం, మళ్ళీ లేవడం. ఇలా అరవైసార్లకు పైగా! రాత్రి నిద్రపోవాల్సింది పోక, బ్యాటరీ కూడా ఖర్చుచేసుకుంది. అయితే ఫ్లాష్ జోలికి పోకుండా లేచే దొడ్డిదారి ఒకటి కట్టినవాళ్ళు ముందే వదిలారు. ఆ దారిన లేపి, ఫైళ్ళు తుడిచి బాగుచేశారు.

వాయేజర్-1 కథ ఇంకా గొప్పది. 2023 నవంబరులో అది అర్థంలేని మాటలు పంపడం మొదలుపెట్టింది. ఉన్నది 2,400 కోట్ల కిలోమీటర్ల దూరంలో. కబురు చేరడానికి ఇరవై రెండున్నర గంటలు, జవాబుకి మళ్ళీ అంత. వాళ్ళు తొందరపడలేదు. 2024 మార్చిలో ఒక ఆదేశం పంపి, ఆ కంప్యూటరు మెమరీ మొత్తం రప్పించుకుని చదివారు. సుమారు మూడు శాతం పాడైంది, కారణం ఒక చిప్పు. అందులోని ప్రోగ్రాముకి మరోచోట ఒక్కపట్టున జాగా లేదు. ముక్కలు చేసి అక్కడక్కడా సర్దారు. ఏప్రిల్ 20న అది మళ్ళీ తెలివిగా మాట్లాడింది.

ముందు చదివారు, తరవాత ముట్టుకున్నారు. మనం చేసేది దీనికి తలకిందులు. మొదటి వైద్యమే ఆపి మళ్ళీ వెయ్యడం! ఉద్యోగంలో నేనూ ఒకసారి మూగబోయిన డబ్బాని అలాగే చేశాను. లేచింది. కానీ ఏం జరిగిందో రాసుకున్న చిట్టా తాత్కాలిక మెమరీలో ఉండటంతో తుడిచిపెట్టుకుపోయింది. వారం తిరక్కుండా అదే జబ్బు. ఇంకోసారి భద్రత సరిచేస్తున్నాననుకుని నేను లోపలికెళ్ళే దారినే మూసేశాను. కూర్చున్న కొమ్మని నరుక్కోవడమంటే అదే. ఇప్పుడు ఏ మార్పైనా, పది నిమిషాల్లో నేను సరేనని చెప్పకపోతే దానంతటదే పాతస్థితికి వచ్చేలా పెడతాను.

అందుకే నాన్నగారు "ఆపి వెయ్యనా?" అంటే వద్దన్నాను. డబ్బాని టీవీకి తగిలించి, కీబోర్డు పెట్టమన్నాను. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. చెప్పింది చెప్పినట్టు చేస్తారు, కాకపోతే ప్రతి అక్షరానికీ కారణం చెప్పాలి. సర్వీసు నడుస్తూనే ఉంది. చిట్టా చదివించాను, ప్రతిసారీ సర్టిఫికెట్ దగ్గర తిరస్కారమే. అనుమానమొచ్చి తేదీ చదవమన్నాను.

"ఒరేయ్, ఇదింకా మేం మీ దగ్గరికి బయల్దేరిన రోజులోనే ఉందిరా!"

ముచికుందుడు గుహలో లేచినట్టు లేచిందన్నమాట. ఇలాంటి చౌక డబ్బాల్లో గడియారానికి బ్యాటరీ ఉండదు. ఆగిపోయేముందు రాసుకున్న వేళ నుంచే మళ్ళీ లెక్క మొదలెట్టి, నెట్‌లో అసలు టైము అడిగి దిద్దుకుంటాయి. సర్టిఫికెట్ అంటే అవతలి సర్వరు చూపించే గుర్తింపు కార్డు, దానిమీద ఎప్పట్నుంచి ఎప్పటిదాకా చెల్లుతుందో ఉంటుంది. వీళ్ళు ఇక్కడున్నప్పుడు ఆ కార్డు మారింది. డబ్బా లెక్కలో అది ఇంకా పుట్టని కార్డు, కాబట్టి ససేమిరా అంది. దాని తప్పేం లేదు. మరి టైము ఎందుకు అడగలేదు? భద్రత కోసమని ఒక్కటి తప్ప బయటికెళ్ళే దారులన్నీ మూసింది నేనే. టైము అడిగే దారి కూడా వాటిలో పోయింది. చిన్న కరెంటు కోతలకి గడియారం కాస్త వెనకబడినా ఇన్నాళ్ళూ బయటపడలేదు, అంతే.

నాన్నగారు ఒక్కొక్క అక్షరమే కొట్టి తేదీ దిద్దారు. వెంటనే దారి తెరుచుకుంది. టైము అడిగే దారి తెరిచాను, గడియారానికి బ్యాటరీ తెప్పించాను. ఇప్పుడు తలుపు సంగతితో పని లేకుండా, గంటకోసారి "నేనున్నాను" అని విడిగా చెప్పేలా పెట్టాను. డబ్బా మౌనం వేరు, వంటింటి మౌనం వేరుగా తెలియాలి కదా.

ఈ గొడవ నడిచిన నాలుగు రోజులూ అమ్మ లేవగానే తనే ఫోను చేసి చెప్పేది, లేచానని. డబ్బా బాగైందని నేను చెప్పలేదు. నాన్నగారు చెప్పే ఉంటారు. అయినా ఆ ఫోను వస్తూనే ఉంది.