గుడ్డులో పిల్లకు గాలి ఎక్కడిది?

కోడి పొదగడం మొదలుపెట్టిన 21 రోజులకు పిల్లలు బయటికొస్తాయి. అన్నాళ్లూ మూసిన పెంకులో పిల్లకు ఊపిరి ఎలా అందుతుంది?

పెంకు గట్టిగా, నున్నగా కనిపించినా దాని నిండా కంటికి ఆనని వేల రంధ్రాలుంటాయి. వాటి గుండానే ఆక్సిజన్ లోపలికొస్తుంది, కార్బన్ డయాక్సైడ్ బయటికిపోతుంది. అప్పటికింకా ఊపిరితిత్తులు పనిచేయవు. పెంకు లోపలివైపు పరుచుకునే రక్తనాళాల పొరే ఆ గాలిని అందుకుంటుంది. వారం రోజులు పొదిగిన గుడ్డును చీకట్లో టార్చి ముందు పెడితే, నల్లటి చుక్క చుట్టూ ఎర్రదారాల్లా అల్లుకున్న ఆ నాళాలు కనిపిస్తాయి. ఎంత అందమైన దృశ్యమో! చూశాక గుడ్డును వెంటనే కోడి కిందే పెట్టేయండి, చల్లారకూడదు.

కోడి తన ముక్కుతో గుడ్లను మాటిమాటికీ ఎందుకు తిప్పుతుంది? తిప్పకపోతే లోపలి పిండం పెంకు పొరకు అతుక్కుపోతుంది.

గుడ్డు లావు వైపున చిన్న గాలిగది ఉంటుంది. గుడ్డులోని తేమ ఆవిరయ్యేకొద్దీ అది పెద్దదవుతుంది. సుమారు 20వ రోజున పిల్ల ముక్కుతో ఆ గది పొరను చీల్చి, ఊపిరితిత్తులతో తొలి శ్వాస తీసుకుంటుంది. పెంకు పగలగొట్టడానికి ముక్కు కొన మీద ఒక చిన్న గట్టి మొన ఉంటుంది. పుట్టాక కొద్దిరోజులకే అది రాలిపోతుంది.

పెంకు నుంచి బయటికొచ్చే ముందే మిగిలిన పచ్చసొన పిల్ల పొట్టలోకి చేరిపోతుంది. అందుకే పుట్టిన పిల్ల ఒకటి రెండు రోజులు మేత లేకుండానే ఉండగలదు.

అంగట్లో కొనే గుడ్లు మాత్రం సాధారణంగా పొదిగినా పిల్లలు కావు. ఫారాల్లో గుడ్లు పెట్టే పెట్టలతో పుంజులను ఉంచరు.