రాతి గోడ ఎలా నిలబడుతుంది?

మన హాస్టల్ వెనక కొండవాలుకి రాతి గోడ కడుతున్నారు. "సిమెంటు లేకుండా రాళ్ళు పేరిస్తే పడిపోదా అన్నా?" అని చిన్న తరగతుల వాళ్ళు అడుగుతున్నారు. వారం రోజులు ఆటల టైములో చూసి, మేస్త్రిగారిని అడిగి తెలుసుకున్నవి రాస్తున్నాను.

గోడని తోసేది మట్టి. ఎండాకాలంలో అది పెద్దగా కదలదు. వానలకి నీళ్ళు తాగి బరువెక్కి కిందికి జారాలని చూస్తుంది. ఒక ఘనపు మీటరు నీరే 1000 కిలోలు! ఆ నీరు వెనక నిలిచిపోతే గట్టి గోడ కూడా పడిపోవచ్చు. కాబట్టి మట్టిని ఆపాలి, నీటిని వదలాలి. రాళ్ళ మధ్య సందులు ఉన్నది అందుకే.

కట్టే పద్ధతి ఇది:
1. గట్టి నేల తగిలేదాకా పునాది తవ్వారు. పెద్ద రాళ్ళన్నీ అడుగున వేశారు. గోడ ఎత్తు 6 అడుగులు, అడుగున మందం 3 అడుగులు.
2. గోడ నిటారుగా ఉండదు. 6 అడుగుల ఎత్తుకి 1 అడుగు కొండవైపు వాలుతుంది. బరువైన బీరువా మీద పడకుండా ఆపాలంటే మనం కూడా దానివైపే వాలుతాం కదా!
3. సందు మీద సందు రానివ్వరు. కింది రెండు రాళ్ళని పై రాయి కలిపి పట్టుకోవాలి.
4. అక్కడక్కడ ఒక పొడుగు రాయిని లోపలికంటా పెడతారు. అది ముందు వరసని, వెనక వరసని కట్టేస్తుంది.
5. గోడకీ మట్టికీ మధ్య చిల్లర రాళ్ళు నింపుతారు. నీరు వాటిలోంచి దిగి బయటికి పోతుంది.

ఈ చిల్లర రాళ్ళని ఆడకూలీలు తట్టలతో నెత్తిన మోస్తున్నారు. గోడ పూర్తయ్యాక అవి ఎవరికీ కనబడవు. కానీ వానాకాలంలో గోడని, దాని కింద నిద్రపోయే మనల్ని కాపాడేవి అవే.

ఈ విద్య మన కొండలకి కొత్త కాదు. సీతంపేట వైపు సవర పెద్దలు కొండవాలులో రాళ్ళ గట్లు కట్టి, మెట్లు మెట్లుగా మడులు చేసి వరి పండించారు. వాళ్ళు కూడా సిమెంటు వాడలేదు.

చివరిగా ఒక మనవి. గోడ సందుల్లో కాగితాలు, చెత్త కుక్కకండి. రాళ్ళు పీకకండి. నీటి దారి మూస్తే గోడ పడుతుంది. తమ్ముళ్ళకి కూడా చెప్పండి.

– 9వ తరగతి విద్యార్థి