కంపవాతము - సూర్యరశ్మి
మెదడులోని కొన్ని కణములు క్రమముగా నశించుటచే కలుగు పార్కిన్సన్ వ్యాధిని మనవారు కంపవాతమందురు. చేయి వణకును, నడక మందగించును, రోగి వాకిలి దాటుటకు జంకును. చర్మమునకు ఎండ సోకనిదే డి విటమిను తగినంత పుట్టదు.

2008లో అమెరికాలోని ఎమొరీ విశ్వవిద్యాలయమువారు పరీక్షించిన ఈ రోగులలో నూటికి 55 మందికి ఆ విటమిను చాలకుండెను. ఆరోగ్యవంతులలో 36 మందికే. లోపము వలన వ్యాధి వచ్చినదా, వ్యాధిచే ఇంట కూర్చుండుట వలన లోపము వచ్చినదా? ఫిన్లండులో 3,173 మందిని 29 ఏండ్లు గమనింపగా, ఆరంభమున విటమిను హెచ్చుగా నున్నవారిలో వ్యాధి అరుదుగా కనబడినదని 2010లో ప్రకటించిరి. కాని అందు వ్యాధి వచ్చినవారు 50 మందియే. దానితో తీర్పు చెప్పరాదు. మాత్రలతో వణకు ఆగునని ఎవరైన అన్నచో నమ్మవలదు.

అట్లని లోపమును ఉపేక్షింపరాదు. విటమిను కొరవడిన ఎముక బలహీనమగును. ఈ రోగులు తూలిపడుట సామాన్యము. తుంటి ఎముక విరిగినచో వృద్ధులు మరల నడచుట ఎంత కష్టమో చూచినవారికి తెలియును. రక్తపరీక్ష చేయించి, వైద్యుడు చెప్పిన మోతాదునే వాడవలెను. మితిమీరినచో రక్తమున కాల్షియము పెరిగి మూత్రపిండములకు కీడు కలుగును.

మనము లేయెండను మెచ్చుకొందుము గాని, ఈ విటమినును పుట్టించు కిరణములు ప్రొద్దెక్కిన తరువాతనే హెచ్చు. అద్దపు కిటికీ వెనుక కూర్చున్నచో అవి దాదాపు అందవు. వడగాడ్పులు లేని వేళ చూచి, పెద్దవారిని చేయిపట్టి అరుగుమీదికి తీసికొనిరండు.