మాట ఇచ్చిన తేదీ ఉంది, ముట్టిన తేదీ ఏది?

ఇబ్రహీంపట్నం మండలం గోదావరి ఒడ్డున ఉంది. ఒక పక్క మెట్‌పల్లి, ఒక పక్క మల్లాపూర్, ఏరు దాటితే నిర్మల్ జిల్లా. వరి, మక్క, పసుపు ఇక్కడి పంటలు. ఒకప్పుడు చెరుకు కూడా. ఇంట్లో ఆడవాళ్ల చేతిలో బీడీల చాట. ఈ నాలుగు పంటలకూ, ఆ బీడీల చాటకూ 2023 ఎన్నికల్లో విడివిడిగా వాగ్దానాలు అందాయి. అంతగా వాగ్దానాలు అందుకున్న ప్రాంతం రాష్ట్రంలో అరుదు. అందుకే కొత్త ప్రభుత్వం మాట నిలబెట్టుకున్నదా లేదా అన్న ప్రశ్నను హైదరాబాద్‌లో కాకుండా ఇక్కడ నిలబడి వేయడం న్యాయమని మేము భావిస్తున్నాము.

ఊళ్లో ఇద్దరు రైతులు ఎదురుపడితే మంచీచెడూ తర్వాత. మొదటి మాట "పడ్డదా?" రెండో మాట "ఇంకా పడలే". ఈ రెండు మాటల మధ్యే ప్రభుత్వం మీద తీర్పు ఉంది. అయితే తీర్పు చెప్పడానికి ఒక లెక్క ఉండాలి. తిట్టడానికి లెక్క అక్కర్లేదు, పొగడడానికి అసలే అక్కర్లేదు. నిగ్గు తేల్చడానికి మాత్రం కావాలి.

కొలిచే బద్ద ఏది?

పాలకుల మాటను కొలవడం ఈ గడ్డకు కొత్త విద్య కాదు. భూగరిష్ట పరిమితి చట్టం 1973లో వచ్చింది. చట్టం కాగితం మీద ఉంది, భూమి దొర చేతిలో ఉంది. ఆ తేడాను చూసిన కూలీలూ పేద రైతులూ 1978 సెప్టెంబర్ 7న జగిత్యాల జైత్రయాత్రకు కదిలారు. ఆ ఏడాది అక్టోబర్‌లోనే ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. చట్టాన్ని అమలు చేయమని అడిగినందుకు మరో చట్టం వచ్చి మీద పడింది. నాటి నుంచీ ఇక్కడి జనానికి తెలిసిన సంగతి ఇది: సర్కారు మాటలో ఏముందో వినడం ఒకటి, అది గడప దాకా వచ్చిందా అని చూడడం ఇంకొకటి.

కాబట్టి ప్రతి వాగ్దానానికీ నాలుగు ప్రశ్నలు వేద్దాము. ఎంత అన్నారు, ఎంత ఇచ్చారు? ఎప్పటిలోగా అన్నారు, ఎప్పుడు ఇచ్చారు? ఎవరికి అన్నారు, ఎవరికి ఇచ్చారు? చివరిది, అన్నింటికన్న ముఖ్యమైనది: ఎవరి పేరు మధ్యలో రాలిపోయింది?

కాంగ్రెస్ పార్టీ 2022 మే 6న వరంగల్‌లో రైతు డిక్లరేషన్ ప్రకటించింది. 2023 సెప్టెంబర్ 17న తుక్కుగూడ సభలో ఆరు గ్యారంటీలు ప్రకటించింది. వంద రోజుల్లో అమలు అన్నది. డిసెంబర్ 3న ఫలితాలు, 64 స్థానాలు. డిసెంబర్ 7న రేవంత్ రెడ్డి ప్రమాణ స్వీకారం. రెండు రోజులకే ఆడవాళ్లకు ఉచిత బస్సు మొదలైంది. 2024 ఫిబ్రవరి 27న ఐదు వందల గ్యాస్ బండ, 200 యూనిట్ల ఉచిత కరెంటు మొదలయ్యాయి. ఇవి జరిగిన పనులు, జరిగినట్టే రాసుకోవాలి. ఇక రైతు పద్దులోకి వద్దాము.

రుణమాఫీ: సగానికి పైన మార్కులు

రెండు లక్షల దాకా పంట రుణం మాఫీ అన్నారు. 2018 డిసెంబర్ 12 నుంచి 2023 డిసెంబర్ 9 వరకు తీసుకున్న రుణాలకు వర్తింపు. 2024 జూలై 18న లక్ష లోపు వారికి, జూలై 30న లక్షన్నర లోపు వారికి, ఆగస్టు 15న రెండు లక్షల లోపు వారికి వేశారు. మిగిలిపోయిన వారిలో కొందరికి నవంబర్ 30న మరో విడత. ప్రభుత్వం చెప్పిన మొత్తం లెక్క 25.35 లక్షల మంది రైతులు, సుమారు 20,616 కోట్ల రూపాయలు.

దీన్ని తక్కువ చేయడం అన్యాయం. 2014లో వచ్చిన తెలంగాణ తొలి ప్రభుత్వం లక్ష రూపాయల మాఫీని నాలుగు కిస్తీలుగా ఇచ్చింది. కిస్తీకీ కిస్తీకీ మధ్య వడ్డీ పెరిగి, మాఫీలో కొంత బ్యాంకే తినేసింది. 2018లో అదే పార్టీ మళ్లీ లక్ష అన్నది. ఆ మాట 2023 ఆగస్టు దాకా, అంటే మళ్లీ ఎన్నికలు దగ్గరికి వచ్చేదాకా ఈడ్చింది. ఆ రెండింటితో పోలిస్తే కొత్త ప్రభుత్వం త్వరగా ఇచ్చింది.

కానీ 2024 జూన్‌లో మంత్రివర్గం నిర్ణయం తీసుకున్ననాడు ప్రభుత్వం చెప్పిన ఖర్చు 31,000 కోట్లు. ముట్టినది 20,616 కోట్లు. నడుమ పది వేల కోట్లకు పైగా ఏమైనట్టు? రేషన్ కార్డును బట్టి కుటుంబాన్ని లెక్కించారు. కార్డు లేని వారి పేరు విచారణలో పడింది. ఆధార్‌లో ఒక అక్షరం, బ్యాంకులో మరో అక్షరం ఉంటే ఆగింది. రెండు లక్షలు దాటిన వారు పైమొత్తం ముందు కట్టి రావాలన్నారు. అప్పు తీర్చడానికి అప్పు చేసి కట్టి, ఆపైన ఎదురుచూసిన రైతుకు ఏమని జవాబు చెప్తారు? సభలో "రెండు లక్షల మాఫీ" అన్నప్పుడు ఈ షరతులు మైకులో వినపడలేదు.

రైతు భరోసా: ఎకరానికి లెక్క వేసి చూడండి

పాత రైతుబంధు ఏడాదికి ఎకరానికి 10,000. కొత్త వాగ్దానం 15,000, అంటే పంటకు 7,500. జరిగింది ఇది. 2023-24 యాసంగికి పాత లెక్క ప్రకారం 5,000 వేశారు. 2024 వానాకాలానికి ఏమీ వేయలేదు. 2025 జనవరి 4న మంత్రివర్గం కూర్చుని ఏడాదికి 12,000 చాలన్నది. జనవరి 26న ప్రారంభించారు. ఆ యాసంగికి 6,000 చిన్న కమతాల నుంచి మొదలుపెట్టి విడతలుగా వేశారు. 2025 వానాకాలానికి మాత్రం జూన్‌లో తొమ్మిది రోజుల్లో సుమారు 9,000 కోట్లు వేశారు. అదునుకు వచ్చిన డబ్బు అదొక్కటే.

మూడెకరాల పట్టాదారును తీసుకుందాము. ఈ నాలుగు పంటలకూ వాగ్దానం ప్రకారం ఎకరానికి 30,000 రావాలి, మూడెకరాలకు 90,000. వచ్చింది ఎకరానికి 17,000; మూడెకరాలకు 51,000. తక్కువ పడింది 39,000. ఖజానాకు ఇది చిన్న అంకె. రైతుకు మాత్రం దుక్కి ట్రాక్టర్ కిరాయి, నాటు కూలి, మందు బస్తాలు. ఆ డబ్బు ప్రభుత్వం ఇవ్వకపోతే వ్యవసాయం ఆగదు, నూటికి రెండో మూడో వడ్డీకి అది బయట పుడుతుంది. వాగ్దానం ఆలస్యమైతే దాని వడ్డీ రైతు కడతాడు.

ఇక వ్యవసాయ కూలీ సంగతి. భూమి లేని ఉపాధి హామీ కూలీకి ఏడాదికి 12,000 అన్నారు. ఏడాది దాటాక, 2025 జనవరి 26న, ఆత్మీయ భరోసా పేరిట మొదలుపెట్టారు. 2023-24లో కనీసం 20 రోజులు ఉపాధి పని చేసి ఉండాలన్న షరతు పెట్టారు. ఆ ఏడాది జబ్బు పడ్డ మనిషి కూలీ కాకుండా పోయిందా?

వడ్లకు బోనస్: మధ్యలో దూరిన "సన్న" మాట

వడ్లకు క్వింటాలుకు 500 బోనస్ అన్నారు. 2024 వానాకాలంలో ఇచ్చినప్పుడు అది "సన్న వడ్లకు" అయింది. జగిత్యాల పక్కన పొలాస పరిశోధన స్థానం నుంచి జగిత్యాల సన్నాలు పుట్టాయి కాబట్టి సన్నాల విలువ మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ యాసంగి ఎండకు సన్నగింజ మిల్లులో నూక అవుతుంది. అందుకే యాసంగిలో రైతు దొడ్డు రకం వేస్తాడు. అది రైతు మొండితనం కాదు, ఇక్కడి వాతావరణం. 2024-25లో మామూలు రకం మద్దతు ధర 2,300. సన్నాలకు ఏ గ్రేడు ధర 2,320, బోనస్‌తో 2,820. దొడ్డు రైతుకు 2,300 దగ్గరే నిలిచిపోయింది. వరంగల్‌లో చెప్పిన 2,500 కూడా దొడ్డు రైతుకు అందలేదు. ఒక్క విశేషణం చేర్చి వాగ్దానాన్ని సగానికి కోయవచ్చునని ఈ ఉదంతం చెబుతున్నది.

చెరుకు, పసుపు: మూడు జెండాల వాగ్దానాలు

మల్లాపూర్ మండలం ముత్యంపేటలో చక్కెర మిల్లు ఉంది. నిజాం షుగర్స్ సంస్థను 2002లో నాటి తెలుగుదేశం ప్రభుత్వం ప్రైవేటు వాటాదారుకు 51 శాతం అప్పగించింది. 2014లో కొత్త రాష్ట్రపు తొలి పాలకులు వంద రోజుల్లో వెనక్కు తీసుకుంటామన్నారు. 2015 డిసెంబర్‌లో మిల్లు మూతపడింది. 2023లో కాంగ్రెస్ తెరిపిస్తామన్నది. 2024 జనవరిలో మంత్రి శ్రీధర్ బాబు నాయకత్వంలో కమిటీ వేశారు. 2024-25 గానుగ కాలం వచ్చి పోయింది, ముత్యంపేట గొట్టంలో పొగ రాలేదు. ఈలోగా చెరుకు పెట్టిన పొలాలు వరిమళ్లు అయ్యాయి. పదేళ్లు పాడుబడ్డ మిల్లును తెరవడం కష్టమే. పంట మార్చుకున్న రైతును తిరిగి చెరుకులోకి తేవడం అంతకన్న కష్టం.

పసుపు కథలో దోషి ఒక్కరే కాదు. 2019లో నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి 185 మంది పోటీలో నిలిచారు. వారిలో అత్యధికులు పసుపు, ఎర్రజొన్న రైతులు. అప్పుడే బీజేపీ అభ్యర్థి ధర్మపురి అర్వింద్ గెలిచిన ఐదు రోజుల్లో పసుపు బోర్డు తెస్తానని బాండు కాగితం మీద రాసిచ్చారు. బోర్డు ప్రారంభమైనది 2025 జనవరి 14న. ఐదు రోజులు ఐదున్నర ఏళ్లు దాటాయి. అయినా వచ్చింది, మంచిదే. కానీ బోర్డు వేరు, ధర వేరు. కేంద్రం మద్దతు ధర ప్రకటించే పంటల జాబితాలో పసుపు లేదు. క్వింటాలుకు 12,000 ఇస్తామని కాంగ్రెస్ వరంగల్‌లో చెప్పింది. బోర్డు వచ్చాక కూడా మద్దతు ధర అనే మాటకు దిక్కు లేదు. తొమ్మిది నెలలు నేలలో ఉండే పంట. తవ్వి, ఉడకబెట్టి, ఆరబెట్టి, నిజామాబాద్ యార్డుకు తోలితే ఆ రోజు పలికిందే ధర.

బీడీల చాట దగ్గరికి వస్తే, నెలకు 4,000 పింఛన్ అన్నారు. 2025 అంతా 2,016 దగ్గరే నడిచింది. మహిళలకు నెలకు 2,500 అన్న మాట ఆ ఏడాదీ మొదలు కాలేదు.

రాలిపోయిన పేరు

ఇప్పుడు నాలుగో ప్రశ్న. ఎవరి పేరు రాలింది? కౌలు రైతుది. వాగ్దానంలో "రైతులకు, కౌలు రైతులకు" అని స్పష్టంగా రాశారు. డబ్బు పడింది పట్టాదారు పాసుపుస్తకాన్ని బట్టి. ధరణి వచ్చాక రికార్డులో సాగుదారు కాలమే పోయింది. కౌలుదారుకు గుర్తింపు కార్డు, బ్యాంకు రుణం ఇవ్వడానికి 2011లోనే అధీకృత సాగుదారుల చట్టం వచ్చింది. దాన్ని దుమ్ము పట్టనిచ్చారు. కార్డు లేనందున భరోసా రాదు. బ్యాంకు అప్పు లేదు కాబట్టి మాఫీ లేదు. బోనస్ పట్టాదారు ఖాతాలో పడితే వాకిట్లో నిలబడి అడిగి తెచ్చుకోవాలి. చివరకు చావులో కూడా అంతే. 2018 నుంచి ఉన్న రైతు బీమా 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారు చనిపోతే ఇంటివారికి ఐదు లక్షలు ఇస్తుంది. అదే చేనులో నాగలి పట్టిన కౌలుదారు ఉరి వేసుకుంటే ఆ ఇంటికి రూపాయి రాదు. మా దృష్టిలో ఈ ప్రభుత్వానికి అసలు పరీక్ష ఇదే. దీనికి మొదట కావలసింది కోట్లు కాదు, ఒక కార్డు, ఒక సంతకం.

ఖజానా ఖాళీ అన్న జవాబు

ప్రభుత్వానికి ఒక జవాబు ఉంది. 2023 డిసెంబర్ 20న శాసనసభలో శ్వేతపత్రం పెట్టి రాష్ట్రం అప్పు 6,71,757 కోట్లని చెప్పారు. అప్పు నిజం, పాత పాలకుల బాధ్యతా నిజం. కానీ అప్పుల సంగతి ఎన్నికల ముందు అసెంబ్లీలో అరిచి చెప్పింది ఈ నాయకులే. ఇల్లు అప్పుల్లో ఉందని తెలిసీ పెళ్లికి కట్నం ఒప్పుకున్న పెద్దమనిషి, పెళ్లయ్యాక ఖాళీ పెట్టె చూపిస్తే వియ్యంకుడు ఊరుకుంటాడా?

అంతా మోసమని కొట్టివేయడం మా ఉద్దేశం కాదు. మా లెక్కలో రుణమాఫీ సగానికి మించి నెరవేరింది. భరోసా కోత పడి, ఆలస్యంగా వచ్చింది. బోనస్ సగం రైతులకే. మిల్లు, పింఛన్, పసుపు ధర సున్న. కౌలుదారుకు సున్నకన్న తక్కువ, ఎందుకంటే పేరు చెప్పి ఓటు అడిగి పేరు తీసేశారు.

2025 జనవరిలో గ్రామసభలు పెట్టి లబ్ధిదారుల జాబితాలు చదివారు. చదివిన పేర్ల కన్న చదవని పేర్లే ఎక్కువ ముఖ్యం. ఇకముందు ప్రతి ఊళ్లో గ్రామసభ పంచాయతీ గోడ మీద ఒక పద్దు రాయించాలి: అన్నది, అన్న తేదీ, ముట్టినది, ముట్టిన తేదీ, మిగిలిన పేర్లు. దాని కింద ఊరి కౌలుదారుల జాబితా కూడా రాయాలి. రైతు, కూలీ సంఘాలు జెండాలు వేరైనా ఈ గోడ దగ్గర కలవవచ్చు. మళ్లీ ఓటు అడగడానికి ఏ పార్టీ నాయకుడు వచ్చినా ముందు ఆ గోడ ముందు నిలబెట్టి చదివించాలి. ఆయన చదువుతుంటే "పడ్డదా?" అని ఊరంతా అడగాలి.