జైలుకు బదులు బెత్తమా?

సెల్‌ఫోన్ కొట్టేసినవాడు దొరికాడనగానే చుట్టూ మూగిన జనంలోంచి వినిపించే మొదటి మాట, "నాలుగు తగిలించి వదిలెయ్యండి" అని. ఆ మాటలో కోపంతోపాటు ఒక లెక్క కూడా ఉంది. కోర్టులూ వాయిదాలూ జైలూ అంటూ ఏళ్లు గడిపేకంటే అక్కడికక్కడే శాస్తి చేసి పంపేస్తే అందరికీ మేలు కదా అన్నదే ఆ లెక్క. అమెరికాలో ఒకప్పుడు పోలీసుగా పనిచేసి ఆ తర్వాత ప్రొఫెసర్ అయిన పీటర్ మాస్కోస్ 2011లో ఈ వాదం మీద ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. శిక్ష పడినవాడికి జైలో, కొరడా దెబ్బలో ఎంచుకునే అవకాశం ఇవ్వాలన్నాడు. ఏళ్ల తరబడి బోనులో పెట్టడం కన్నా కొరడాయే నయమని ఎవరికైనా అనిపిస్తే, ఆ బోను ఎంత క్రూరమైందో ఆలోచించమన్నదే ఆయన అసలు ఉద్దేశం. ఆ ప్రశ్నను తేలిగ్గా తీసెయ్యకూడదు. కానీ ఆ జవాబు మనకు పనికిరాదు. ఎందుకు పనికిరాదో చెప్పడానికి మన చరిత్రా, మన జైళ్ల లెక్కలూ చాలు.

జైలు మీద ఫిర్యాదు నూటికి నూరుపాళ్లు నిజం. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్లలో 4,36,266 మందికి చోటుంటే 5,73,220 మంది ఉన్నారు. వంద మంది పట్టే చోట 131 మంది. సంపాదించే మనిషి లోపలికి వెళితే ఇంటి అద్దె ఆగుతుంది, పిల్లల చదువు ఆగుతుంది. బయటికొచ్చాక పని ఇచ్చేవాడు దొరకడు. చిన్న దొంగ పెద్ద దొంగలతో సావాసం చేసి తిరిగొస్తాడు. హైదరాబాద్‌లోని కాచిగూడ నుంచి నాలుగైదు కిలోమీటర్ల లోపే ఒకవైపు నాంపల్లి క్రిమినల్ కోర్టులు, మరోవైపు చంచల్‌గూడ జైలు ఉన్నాయి. ఈ రెండింటి మధ్య తిరిగే ఖైదీల వ్యాన్ల వెనుక ఎన్ని కుటుంబాలు పనులు మానుకుని తిరుగుతుంటాయో ఈ ప్రాంతంవారికి కొత్తగా చెప్పక్కర్లేదు.

అయితే ఆ వ్యాన్లలో ఉన్నవాళ్లు ఎవరు? అదే 2022 లెక్కల్లో 4,34,302 మంది, అంటే ప్రతి నలుగురు ఖైదీల్లో ముగ్గురు, విచారణ ఖైదీలు. వాళ్ల మీద నేరం ఇంకా రుజువు కాలేదు. బెయిలు రాకో, వచ్చినా జామీను ఇచ్చేవాళ్లు లేకో లోపల ఉన్నారు. తీర్పు రాకముందే మనిషిని కొట్టాలని కొరడాను సమర్థించేవాళ్లు కూడా అనరు. అంటే రేపు పొద్దున్నే బెత్తాన్ని చట్టంలోకి తెచ్చినా మన జైళ్లలో నాలుగింట మూడొంతుల రద్దీ తగ్గదు. ఆ రద్దీకి మందు బెయిలు దగ్గర ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం, మరణశిక్షో యావజ్జీవమో పడే నేరాలను మినహాయిస్తే, గతంలో ఏ నేరంలోనూ దోషిగా తేలనివారు తమ మీద మోపిన నేరానికి పడే గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపల గడిపితే బెయిలు మీద విడుదల కావాలి. ఒకటికి మించి కేసులున్నవారికి ఈ వెసులుబాటు లేదు. ఈ ఒక్క సెక్షన్‌ను నిక్కచ్చిగా అమలు చేస్తే కలిగే మేలు ఏ బెత్తంతోనూ కలగదు.

ఇక శిక్ష పడినవారి సంగతి. జైలుకు బదులు బెత్తం అన్నది మన దేశం ఏనాడో చేసి చూసిన ప్రయోగం. 1864 నాటి కొరడా దెబ్బల చట్టం దొంగతనం, దొంగసొత్తు పుచ్చుకోవడం వంటి నేరాలకు జైలు స్థానంలో దెబ్బలు వేయవచ్చని చెప్పింది. 1909లో దాని స్థానంలో వచ్చిన చట్టం మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగు జిల్లాలకూ వర్తించింది. ఆనాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ చదివితే ఒళ్లు జలదరిస్తుంది. పదహారేళ్లు దాటినవారికి బెత్తం మందం అర అంగుళానికి తగ్గకూడదు. దెబ్బలు ముప్పై మించకూడదు. పదహారేళ్లలోపు పిల్లలకైతే పదిహేను. విడతలవారీగా కొట్టకూడదు. ఆడవాళ్లనూ, నలభై అయిదేళ్లు దాటిన మగవాళ్లనూ కొట్టకూడదు. ఒంట్లో తట్టుకునే శక్తి ఉందో లేదో ముందు చూడాలి. ఇంత కొలతా జాగ్రత్తా పెట్టి దాదాపు తొంభై ఏళ్లు నడిపిన ఆ శిక్షను స్వతంత్ర భారత పార్లమెంటు 1955లో రద్దు చేసింది. బ్రిటన్‌లోనూ 1938లో కాడొగన్ కమిటీ కొరడా దెబ్బలు తిన్న దోపిడీదారులను తిననివాళ్లతో పోల్చి చూసింది. తిన్నవాళ్లు ఆ తర్వాత బుద్ధిగా ఉన్నారనడానికి ఆధారం దొరకలేదు. 1948లో అక్కడి పార్లమెంటూ కోర్టులు వేసే ఆ శిక్షను రద్దు చేసింది.

మరి సింగపూర్ సంగతేమిటని అడుగుతారు. అక్కడ బెత్తం ఉన్నమాట నిజమే, కానీ చాలా కేసుల్లో అది జైలుకు తోడుగానే పడుతుంది. 1994లో కార్ల మీద రంగులు చల్లిన కేసులో మైకెల్ ఫే అనే అమెరికా కుర్రాడికి బెత్తం దెబ్బలతోపాటు నాలుగు నెలల జైలూ, జరిమానా కూడా వేశారు. బెత్తం ఉందని జైళ్లు మూతపడలేదు. నేరస్థుడే కోరుకుంటే కొట్టడంలో తప్పేముందన్నది మరో ప్రశ్న. ఆ కోరిక ఎవరిదో చూడండి. మంచి లాయరును పెట్టుకోగలిగినవాడు రెండింటినుంచీ తప్పించుకునే దారి వెతుకుతాడు. రోజుకూలీ మాత్రం ఆరు నెలలు పని పోతే ఇల్లు గడవదని ఒళ్లు అప్పగిస్తాడు. ఆకలి చేయించిన సంతకాన్ని సమ్మతి అనలేం. పైగా శిక్ష పడినవాడు అప్పీలులో నిర్దోషి అని తేలితే మిగిలిన జైలు రోజులు తప్పుతాయి. పడిన దెబ్బలను ఏ హైకోర్టూ వెనక్కి తీసుకోలేదు.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం బెత్తం పట్టుకునే చేతిలో ఉంది. 1978 మార్చిలో కాచిగూడ పక్కనే ఉన్న నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక మహిళ మీద అత్యాచారం జరిగింది. ఆమె భర్త పోలీసు దెబ్బలకు ప్రాణం వదిలాడు. నగరం భగ్గుమంది, కర్ఫ్యూ పెట్టాల్సి వచ్చింది. విచారణ జరిపిన జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టింది. కేసు కర్ణాటకలోని రాయచూరు కోర్టుకు బదిలీ అయి చివరికి నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు. కొట్టడాన్ని చట్టం నిషేధించిన రోజుల్లోనే, కొట్టి చంపినందుకు ఎవరికీ శిక్ష పడలేదు. అలాంటిచోట కొట్టడాన్ని చట్టమే ఒప్పుకుంటే లాకప్పులో లాఠీకి అడ్డెవరు? కోర్టు ఆవరణలో కొలిచి వేసే దెబ్బలు వేరు, స్టేషన్‌లో పడే దెబ్బలు వేరు అని కాగితం మీద రాసుకోవచ్చు. మనిషిని కొట్టడం ప్రభుత్వానికి తగిన పనేనన్న భావం పోలీసుల్లోనూ జనంలోనూ ఒకసారి కుదురుకున్నాక ఆ తేడా నిలవదు. బడిలో పిల్లవాడి మీద టీచరు చెయ్యి చేసుకోకూడదని 2009 విద్యాహక్కు చట్టం చెప్పింది. పిల్లవాడికి తగని శిక్ష పెద్దవాడికి తగుతుందనడానికి కారణం కనిపించదు.

జైలూ వద్దు, బెత్తమూ వద్దంటే మిగిలేది పని. భారతీయ న్యాయ సంహిత మొదటిసారిగా సమాజ సేవను శిక్షల జాబితాలో చేర్చింది. కాచిగూడ చౌరస్తాలో ఒక దుకాణంలోంచి నాలుగు వేల రూపాయల వస్తువు పోయిందనుకుందాం. అయిదు వేల లోపు విలువైన దొంగతనం, నేరం రుజువు కావడం ఇదే మొదటిసారి, వస్తువో దాని విలువో తిరిగి ఇచ్చాడు. అలాంటివాడికి పడాల్సిన శిక్ష సమాజ సేవేనని చట్టం చెబుతోంది. దుకాణదారుకు సొత్తు అందుతుంది, నేరస్థుడి సంసారం రోడ్డున పడదు, ఊరికి ఎంతో కొంత పని జరుగుతుంది. తాగి నలుగురిలో అల్లరి చేసినవారికీ ఈ శిక్ష వేయవచ్చు. ఇంతకంటే పాతదైన 1958 ప్రొబేషన్ చట్టం సత్ప్రవర్తన హామీ మీద దోషిని వదిలిపెడుతూనే బాధితుడికి పరిహారం ఇప్పించే అధికారం కోర్టుకిచ్చింది. 1977లో ఆంధ్రప్రదేశ్ నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన ఒక మోసం కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ శిక్ష తగ్గిస్తూ, మనిషిని మార్చలేని శిక్ష సమాజానికీ మేలు చేయదన్న వాదాన్నే గట్టిగా నిలబెట్టారు.

ఇది మరీ మెతక శిక్ష కదా అంటారు. దెబ్బ కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. వారాల తరబడి చెప్పిన వేళకు వచ్చి, తెలిసినవాళ్లు చూస్తుండగా, జీతం లేకుండా ఆసుపత్రి వార్డు కడగడం అంత తేలిక కాదు. అసలు లోపం వేరేచోట ఉంది. ఎన్ని గంటలు చేయాలి, ఏ పని చేయాలి, చేశాడో లేదో ఎవరు చూడాలి అన్నవి చట్టం తేల్చలేదు. ఆ ఖాళీ నింపకపోతే ఈ శిక్ష ఫొటోలు దిగే తంతుగా మిగిలిపోతుంది. అందుకే ప్రతి మేజిస్ట్రేట్ కోర్టు దగ్గరా పని ఇచ్చే ఆసుపత్రుల, బడుల, పార్కుల జాబితా ఉండాలి. హాజరు చూసే ప్రొబేషన్ అధికారులు సరిపడా ఉండాలి. నేరాన్ని బట్టి గంటలు నిబంధనల్లోనే రాయాలి. హింసకు పాల్పడేవాళ్లకు, ప్రమాదకరమైనవాళ్లకు జైలు ఎలాగూ ఉంటుంది. చిన్న తప్పు చేసినవాడి విషయంలో మాత్రం అతని ఒంటి మీద దెబ్బ వేసి ప్రభుత్వం బావుకునేదేమీ లేదు. అతని చేత పని చేయించి, బాధితుడికి నష్టం కట్టించి, ఇంటికి పంపే ఏర్పాటు చట్టంలో ఇప్పటికే ఉంది. దానికి డబ్బూ మనుషులనూ ఇవ్వమని మన ప్రభుత్వాలను అడగడమే ఇప్పుడు మనం చేయాల్సింది.