పెట్ట అనుకుంటే పుంజయింది!

నాలుగు నెలలపాటు నూకలు వేసి, నీళ్లు పెట్టి, ఇంకేం గుడ్లు పెట్టేస్తుంది అని ఎదురుచూస్తున్న పెట్ట ఒకరోజు తెల్లవారుజామున మెడ సాచి ‘కొక్కొరోకో’ అంటే ఎలా ఉంటుంది చెప్పండి! వినేవాళ్లకి నవ్వులాటే. పెంచిన ఇల్లాలికి మాత్రం నవ్వాలో ఏడవాలో తెలియదు.

మా యాకుత్‌పురా లాంటి పాతబస్తీ ఇళ్లల్లో ఇది కొత్త సంగతేం కాదు. గోడకి గోడ ఆనుకున్న ఇళ్లు, చాపంత వాకిలి, డాబా మీద నాలుగు పూలకుండీలు, ఒక మూల కోళ్లగంప. పిల్లల సరదా తీరుతుంది, ఇంటి గుడ్డు దొరుకుతుంది, మిగిలిన అన్నం మెతుకులు వృథా కావు అని ఒకటో రెండో కోడిపిల్లల్ని తెచ్చుకుంటాం. తీరా పెద్దయ్యాక పక్కింటి ఖాలా తొంగిచూసి, “ఇది ముర్గీ కాదమ్మా, ముర్గా!” అని తేల్చేస్తుంది. ఇలా ఎందుకు అవుతుందో, ముందే తెలుసుకునే దారి ఉందో లేదో చూద్దాం.

రంగు పిల్లల వెనక కథ

సైకిలు మీద, తట్టల్లో ఎర్రవి, పచ్చవి, గులాబీవి కోడిపిల్లలు అమ్మకానికి వస్తుంటాయి, చూసే ఉంటారు. పిల్లలు కొంగు పట్టుకుని కొనేదాకా వదలరు. అంత చవగ్గా ఎందుకిస్తున్నాడు అని ఎప్పుడైనా ఆలోచించారా?

గుడ్ల కోళ్ల జాతి వేరు, మాంసం కోళ్ల జాతి వేరు. గుడ్ల జాతిలో పుట్టిన మగపిల్ల గుడ్డు పెట్టదు, బ్రాయిలర్ లాగా ఆరు వారాల్లో ఒళ్లూ చేయదు. దానికి వేసే మేత దండగ అని హేచరీ వాళ్లు పుట్టిన మొదటిరోజే ఆడ, మగ వేరుచేసి, ఆడపిల్లల్ని ఉంచుకుని మగవాటిని తీసేస్తారు. ప్రపంచమంతటా ఇదే పద్ధతి, చాలాచోట్ల వాటిని అప్పుడే చంపేస్తారు కూడా. అలా పనికిరావని తీసేసిన వాటిలో కొన్ని రంగు పూసుకుని మన వీధుల్లోకి వస్తాయి. కాబట్టి రంగు పిల్లని కొన్నారంటే అది పుంజు కావడానికే ఎక్కువ అవకాశం. ఆ రంగు కూడా కొద్ది వారాల్లో నూగు రాలి, కొత్త ఈక వచ్చేసరికి పోతుంది.

రోజు పిల్లలో ఆడ, మగ చూడటం మామూలు విద్య కాదండీ. 1920ల్లో జపాన్ శాస్త్రవేత్తలు ఈ పద్ధతి కనిపెట్టారు. పిల్లని బోర్లించి పట్టుకుని, తోక కింద ఉండే చిన్న గుర్తు చూసి చెప్పాలి. దానికోసం ప్రత్యేకంగా తర్ఫీదు పొందినవాళ్లు ఉంటారు. ఇప్పుడు గుడ్డులోంచి పిల్ల బయటికి రాకముందే లోపలున్నది ఆడో మగో చెప్పే యంత్రాలు కూడా వచ్చాయి. జర్మనీలో 2022 జనవరి నుంచి మగపిల్లల్ని పుట్టగానే చంపడాన్ని చట్టంతో నిషేధించారు.

ఎప్పుడు తెలుస్తుంది?

కోలగా ఉన్న గుడ్డులోంచి పుంజు, గుండ్రటి గుడ్డులోంచి పెట్ట వస్తాయని పెద్దవాళ్లు చెప్తుంటారు. దారానికి సూది కట్టి పిల్ల మీద ఊపి చూసేవాళ్లూ ఉన్నారు. వీటిలో దేన్నీ నమ్మకండి. మొదటి నెల మన కళ్లకి అన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. ఆ తర్వాత ఈ గుర్తులు చూడండి:

• ఐదారు వారాలకి పుంజుపిల్ల నెత్తిమీది తురాయి, గడ్డం కింది తోలు ఎర్రబడి పెద్దవవుతాయి. పెట్టపిల్లకి అప్పటికింకా చిన్నగా, పాలిపోయినట్టు ఉంటాయి.

• పుంజు కాళ్లు లావుగా ఉంటాయి. నిలబడినప్పుడు ఛాతీ విరుచుకుని నిటారుగా నిలబడుతుంది.

• మూడు నెలలు వచ్చేసరికి మెడమీద, నడుము మీద ఈకలు చూడండి. పుంజుకైతే సన్నగా, కొనదేరి, మెరుస్తుంటాయి. పెట్టకైతే కొనలు గుండ్రంగా ఉంటాయి. అన్నిటికంటే నమ్మదగ్గ గుర్తు ఇదే.

• తోకలో కొడవలిలా వంగిన పొడుగాటి ఈకలు వచ్చాయంటే ఇక సందేహం లేదు.

• మూడు, నాలుగు నెలల మధ్య చాలా పుంజులు కూత మొదలుపెడతాయి. మొదట్లో గొంతు బొంగురుపోయినట్టు వస్తుంది. నాటుపెట్ట అయితే గుడ్డు పెట్టడానికి ఆరు నెలలైనా పడుతుంది.

పాతబస్తీలో అసీల్ కోళ్లంటే మోజు ఎక్కువ. అసీల్‌కి పుంజైనా సరే తురాయి చిన్నదే. అందుకని తురాయి ఒక్కటే చూసి పెట్ట అని నిర్ణయించేసుకోకండి, ఈకలు కూడా చూడండి. కాలి వెనక ముల్లు కూడా ఖాయమైన గుర్తు కాదు. వయసు మళ్లిన పెట్టలకీ అది మొలుస్తుంది.

కూసే పెట్టలూ ఉంటాయి!

నిన్నటిదాకా గుడ్లు పెట్టిన కోడి ఉన్నట్టుండి కూత మొదలుపెట్టిందంటే మాత్రం కథ వేరు. పెట్టకి ఎడమవైపు అండాశయం ఒక్కటే పనిచేస్తుంది. జబ్బుచేసో, వయసు మళ్లో అది దెబ్బతింటే ఒంట్లో ఆడ హార్మోను తగ్గిపోతుంది. అప్పుడు తురాయి పెరిగి, పుంజు ఈకలు వచ్చి, కూత కూడా రావచ్చు. పెట్ట కూస్తే ఇంటికి అరిష్టమని కొందరు వెంటనే మెడ విరిచేస్తారు. అరిష్టం కాదు, పాపం దానికి ఆరోగ్యం బాగాలేదు, అంతే!

ఈ భయాలు మన దేశంలోనే అనుకోకండి. స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో 1474లో ఒక పుంజు గుడ్డు పెట్టిందని విచారణ జరిపి, జనం మధ్య తగలబెట్టారట. అది కూడా ఇలాంటి పెట్టే అయి ఉంటుందని ఇప్పటివాళ్ల ఊహ.

ఆడో మగో తేల్చేది ఎవరు?

ఇక్కడ మనం చెవి ఒగ్గి వినాల్సిన మాట ఒకటుంది. కోళ్లలో పిల్ల పుంజా, పెట్టా అనేది తల్లికోడి నుంచే నిర్ణయమవుతుంది. పుంజులో రెండూ జెడ్ క్రోమోజోములే. పెట్టలో ఒకటి జెడ్, ఒకటి డబ్ల్యు. తల్లి జెడ్ ఇస్తే పుంజు, డబ్ల్యు ఇస్తే పెట్ట. మనుషుల్లో సరిగ్గా దీనికి తిరకాసు. తల్లిలో రెండూ ఎక్స్‌లే. తండ్రి దగ్గరే ఎక్స్, వై రెండూ ఉంటాయి. తండ్రి ఎక్స్ ఇస్తే ఆడపిల్ల, వై ఇస్తే మగపిల్లవాడు.

మరి ఆడపిల్ల పుట్టిందని మాటలు పడేది ఎవరు? కోడలే! కోడిపెట్టకి చెందాల్సిన నింద ఇన్నేళ్లుగా ఆడదాని నెత్తిన పడుతోందన్నమాట. ఇందులో తండ్రిని అన్నా తప్పే, ఎందుకంటే ఏది ఇవ్వాలన్నది ఎవరి చేతుల్లోనూ లేదు. కోళ్ల హేచరీలో మగపిల్ల అక్కర్లేదు, మన ఇళ్లల్లో ఆడపిల్ల అక్కర్లేదు. కడుపులో బిడ్డ ఆడో మగో చూడకూడదని 1994లో చట్టమే చేయాల్సొచ్చింది కదా. ఈసారి ఎవరైనా “మళ్లీ ఆడపిల్లేనా?” అని మూతి విరిస్తే, ఈ కోడి సంగతి కాస్త నిదానంగా చెప్పండి.

పుంజని తేలాక ఏం చేయాలి?

ఇరుకు సందుల్లో అసలు చిక్కు కూతతోనే. రాత్రి డ్యూటీ చేసి వచ్చినవాళ్లు, చంటిపిల్లల తల్లులు, పరీక్షలకి చదివే పిల్లలు అందరూ గోడ అవతలే ఉంటారు. గంప మీద గోనెసంచి కప్పితే కూయదనుకుంటాం. వెలుతురు కొంత ఆలస్యంగా పడితే కాస్త తగ్గవచ్చునేమో కానీ పూర్తిగా ఆగదు. పుంజు ఒంట్లోనే గడియారం ఉందని, వెలుతురు మారకుండా ఉంచినా వేళకి కూస్తుందని జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం వాళ్లు 2013లో తేల్చారు. మూతి కట్టడం, మెడకి బిగుతుగా పట్టీ వేయడం లాంటివి మాత్రం చేయకండి, ఊపిరాడక చచ్చిపోతుంది.

ఇరుగుపొరుగు సరేనంటే ఉంచుకోండి. లేదంటే పల్లెలో పెట్టలు పెంచే చుట్టాలకి ఇవ్వండి. కోళ్ల అమ్మకం వల్లనే ముర్గీ చౌక్ అని పేరుపడిన మహబూబ్ చౌక్ మన చార్మినార్ పక్కనే కదా, కోళ్లు అమ్మేవాళ్లు మనకి కొత్త కాదు. పుంజునిచ్చి, పైన కొంత కలిపి, ఎదిగిన పెట్టని మార్చుకుంటామంటే ఒప్పుకునేవాళ్లుంటారు. పందేలకి అడిగేవాళ్లు వస్తే మంచి ధర అన్నా ఇవ్వకండి. జంతువుల్ని పోట్లాటకి ఉసిగొల్పడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం.

ఇక కోసుకుని తినాలనుకుంటే అది మీ ఇష్టం. కానీ ఇంట్లో పిల్లలు దానికి పేరు పెట్టి, బడి నుంచి రాగానే గింజలు వేసి ఉంటే, వాళ్లకి తెలియకుండా కూర చేసి వడ్డించకండి. ముందే చెప్పండి, ఏడిస్తే ఏడవనివ్వండి. తర్వాత ఎవరో చెప్పగా తెలిస్తే ఆ పిల్లలు మన మాట మళ్లీ నమ్మరు.

గుడ్ల కోసమే అయితే...

బుజ్జి పిల్లల జోలికి పోకుండా నాలుగైదు నెలల పెట్టల్నే తెచ్చుకోండి. ధర ఎక్కువైనా నష్టం లేదు. ఇంటి పెంపకానికని రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వాళ్లు వనరాజ, గ్రామప్రియ రకాలు తయారుచేశారు. గుడ్లకైతే గ్రామప్రియ మేలు. ఎక్కడ కొన్నా, ఆడ మగ వేరుచేసి ఇస్తున్నారా, కలిపి ఇస్తున్నారా అని అడగడం మరవకండి. కలిపి ఇస్తే దాదాపు సగం పుంజులే వస్తాయి.

పుంజు లేకపోతే పెట్ట గుడ్లు పెట్టదేమోనని బెంగ వద్దు. గుడ్డు పెట్టడానికి పుంజు అక్కర్లేదు, పొదిగి పిల్లలు కావాలంటేనే కావాలి. కోళ్లని ముట్టుకున్నాక పిల్లల చేతులు సబ్బుతో కడిగించండి. గంపని వంటింటికి దూరంగా పెట్టండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ ఎంత కలవరపెట్టిందో తెలుసు కదా! కోళ్లు ఒక్కసారిగా చచ్చిపోతుంటే ముట్టుకోకుండా పశువుల ఆసుపత్రికి కబురు చేయండి.

తన కోడి కూయకపోతే, తన కుంపటి లేకపోతే ఊరికి తెల్లవారదనుకుందట ఒక ముసలమ్మ. మన సందుల్లో కోడి కూసినా కూయకపోయినా తెల్లవారుతుంది. కాకపోతే గింజలు చల్లే ముందే, రేపు ఇది పుంజయితే ఏం చేస్తామని ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక మాట అనుకోండి. అప్పుడు ఆ మొదటి కూత విన్ననాడు మీరూ హాయిగా నవ్వుకోవచ్చు.