గుండు టైరుతో గండం

* వానాకాలంలో అరిగిన చక్రం ప్రాణాలకే ముప్పు
* మార్చాల్సిన సమయాన్ని టైరే చెబుతుంది
* పాతదాన్ని కాల్చినా, పెరట్లో పడేసినా అనర్థమే

అమలాపురం గ్రామీణం: ‘బండి నడుస్తోంది కదా, పంట డబ్బులు చేతికొచ్చాక మారుద్దాంలే...’ అరిగిన టైరు గురించి అడిగితే పల్లెల్లో తరచూ వినిపించే సమాధానమిది. కౌలు రైతు, కొబ్బరి దింపు కార్మికుడు, పాల వ్యాపారి, బడి పంతులు... నేడు ఎవరికైనా మోటారుసైకిలే ఆధారం. ఇంజిన్‌ ఆయిలు సకాలంలో మార్పించేవారు, గొలుసు వదులైతే వెంటనే బిగింపజేసేవారు సైతం టైరు విషయంలో ఉదాసీనంగా ఉంటున్నారు. నడిచే బండికి, రోడ్డుకు మధ్య ఉన్న బంధమంతా ఒక్కో చక్రం కింద అరచేతి మేర రబ్బరే. బ్రేకులు ఎంత కొత్తవైనా ఆ రబ్బరు పట్టు ఇస్తేనే బండి ఆగుతుంది. వర్షాలు పడేలోగా ప్రతి వాహనదారుడూ తన బండి టైర్లను పరిశీలించుకోవడం అవసరం.

గాడులు ఎందుకంటే...

పొడి రోడ్డుపై గుండు టైరు కూడా బాగానే పట్టు ఇస్తుంది. అందుకే ముప్పు ముందుగా తెలియదు. అసలు పరీక్ష తొలి జల్లుతోనే మొదలవుతుంది. టైరుపై ఉండే గాడులు రోడ్డు మీది నీటిని పక్కలకు నెట్టివేసి, రబ్బరు నేరుగా రోడ్డును తాకేలా చేస్తాయి. గాడులు అరిగిపోతే ఆ నీరు పోయే దారి లేక చక్రానికి, రోడ్డుకు మధ్య పలుచని పొరలా నిలుస్తుంది. ఆ సమయంలో గట్టిగా బ్రేకు వేస్తే చక్రం ఆగిపోతుంది గానీ బండి ఆగదు, జారుతుంది.

కోనసీమ రోడ్లపై ఈ ప్రమాదం మరింత ఎక్కువ. అనేక గ్రామాలకు కాలువ గట్లే దారులు. మలుపులు అధికం. కోతల సమయంలో రోడ్లపై ఆరబోసిన ధాన్యం, గడ్డి, ట్రాక్టర్ల చక్రాలతో వచ్చిన బురద చక్రాల పట్టును తగ్గిస్తాయి. ఇలాంటి చోట బండి జారితే పక్కనే కాలువ. వెనుక భార్య, ముందు ట్యాంకుపై చిన్నారి ఉంటే పరిస్థితిని ఊహించుకోవచ్చు.

పైగా అరిగిన టైరు పలుచబడి చిన్న మేకుకే పంచరవుతుంది. ట్యూబు ఉన్న టైర్లలో గాలి ఒక్కసారిగా దిగిపోయే అవకాశం ఉంది. వేగంలో ముందు చక్రానికి ఇలా జరిగితే హ్యాండిల్‌ అదుపు తప్పుతుంది.

ఎప్పుడు మార్చాలి?

టైరు అంచు పక్కన చిన్న త్రికోణం గుర్తు గానీ, ‘టీడబ్ల్యూఐ’ అనే అక్షరాలు గానీ ఉంటాయి. దానికి ఎదురుగా గాడిలో చిన్న రబ్బరు గట్టు కనిపిస్తుంది. టైరు అరిగి ఆ గట్టుతో సమమైతే మార్చాల్సిన సమయం వచ్చినట్లే. కేంద్ర మోటారు వాహన నియమావళి-1989లోని 94వ నిబంధన ప్రకారం ద్విచక్ర, త్రిచక్ర వాహనాల టైర్ల గాడుల లోతు 0.8 మిల్లీమీటర్ల కన్నా తగ్గరాదు. లోపలి దారాలు బయటపడినా, టైరు ఎక్కడైనా ఉబ్బినా అది పనికిరానిదిగానే పరిగణిస్తారు. ప్రమాదకర స్థితిలో ఉన్న వాహనాన్ని నడపడం మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్‌ కింద నేరం.

గాడులు బాగున్నా వయసు మీరిన టైరును నమ్మలేం. ఎండకు ఎండి, వానకు తడిసి రబ్బరు గట్టిపడుతుంది. పక్కలకు సన్నని బీటలు వస్తాయి. ఎప్పుడు తయారైందో టైరుపైనే ఉంటుంది. పక్కభాగంలో ముద్రించిన నాలుగు అంకెల్లో మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని సూచిస్తాయి. ఉదాహరణకు 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైనట్లు.

అరిగిన తీరే కారణం చెబుతుంది

మధ్య భాగం మాత్రమే అరిగితే గాలి ఎక్కువగా కొట్టిస్తున్నారని అనుమానించాలి. రెండు అంచులూ అరిగితే గాలి చాలడం లేదన్నమాట. ఒక పక్కే అరుగుతుంటే చక్రం సరైన వరుసలో లేకపోవడమో, రిమ్ము వంకర తిరగడమో కారణం కావచ్చు. దీన్ని సరిచేయకుండా కొత్త టైరు వేయించినా అదీ అలాగే అరుగుతుంది. బరువు ఎక్కువగా వేసేవారు, తరచూ ఇద్దరు ప్రయాణించేవారు వెనుక చక్రంలో గాలి ఎంత ఉండాలో బండితో ఇచ్చిన పుస్తకంలో చూసుకోవాలి. గాలిని చక్రం చల్లగా ఉన్నప్పుడే పరీక్షించాలి.

పొదుపు పేరిట పొరపాట్లు

అరిగిన టైరుపై వేడి కత్తితో కొత్తగా గాట్లు కోసి అమ్మే వారున్నారు. చూడటానికి కొత్తదానిలా ఉన్నా, అసలే పలుచబడిన రబ్బరు ఇంకా పలుచనవుతుంది. చీలిన చోట లోపల పాత టైరు ముక్క పెట్టి నడిపేవారూ ఉన్నారు. పంచరు దుకాణం వరకు చేరుకోవడానికి తప్ప అది నిత్య ప్రయాణానికి తగదు. వెనుక అరిగిన టైరును ముందుకు మార్చడం మరో పొరపాటు. బండికి దారి చూపేది ముందు చక్రమే కనుక అది జారితే నిలదొక్కుకోవడం కష్టం. కొత్త టైరులో పాత ట్యూబును ఉంచడమూ మంచిది కాదు. సాగిన ట్యూబు లోపల మడత పడి, అక్కడే ఒరుసుకుని చిరుగుతుంది.

కొనేటప్పుడు కంపెనీ సూచించిన కొలతే తీసుకోవాలి. 80/100-18 అంటే టైరు వెడల్పు 80 మిల్లీమీటర్లు, ఎత్తు ఆ వెడల్పులో 100 శాతం, రిమ్ము 18 అంగుళాలు. పక్కన బాణం గుర్తు ఉంటే చక్రం తిరిగే దిశలోనే బిగించారో లేదో చూసుకోవాలి. కొత్త టైరు పైపొర నునుపుగా ఉంటుంది కనుక తొలి వంద కిలోమీటర్లు నెమ్మదిగా నడపాలి.

తీసేసిన టైరును ఏం చేయాలి?

భోగి మంటల్లో పిడకల దండలతో పాటు పాత టైర్లనూ వేయడం కొన్నేళ్లుగా అలవాటైంది. టైరు కాలితే వచ్చే నల్లటి పొగలో విష వాయువులు, సన్నని మసి ఉంటాయి. పసిపిల్లలకు, వృద్ధులకు, ఉబ్బస రోగులకు అది ఎంతో హాని. పెరట్లో పడేస్తే మరో ముప్పు. లోపల నిలిచిన కాసిన్ని వాననీళ్లలోనే డెంగీని వ్యాప్తి చేసే దోమ గుడ్లు పెడుతుంది.

వ్యర్థ టైర్లను పునర్వినియోగానికి మళ్లించే బాధ్యతను ఉత్పత్తిదారులు, దిగుమతిదారులపై ఉంచుతూ కేంద్రం 2022 జులైలో నిబంధనలు తెచ్చింది. వాహనదారులు చేయాల్సిందల్లా పాత టైరును కొత్తది కొన్న దుకాణంలోనే వదిలిరావడం, లేదా పాత సామాన్ల వ్యాపారికి ఇవ్వడం. ఇంట్లో వాడుకోదలిస్తే నీరు నిలవకుండా రంధ్రాలు చేసి మట్టి నింపి మొక్కలు పెంచుకోవచ్చు. పాత ట్యూబును చీల్చి క్యారియర్‌పై సామాన్లు కట్టుకోవడానికి వాడటం మనకు తెలిసిందే.

గుర్తుంచుకోండి

* నెలకోసారి గాడులు, బీటలు, ఉబ్బు పరిశీలించాలి.
* వారానికోసారి గాలి చూపించుకోవాలి.
* గాడుల్లో ఇరుక్కున్న రాళ్లు, మేకులు తీసేయాలి.
* టైరు మార్చే వరకు వానలో వేగం తగ్గించి, ముందున్న వాహనానికి దూరంగా నడపాలి.

టైరు ఖర్చు ఒకేసారి భారమనిపించవచ్చు. కానీ కాలు విరిగి ఆసుపత్రిలో చేరితే అయ్యే ఖర్చు, పోయే కూలి దానికి ఎన్నో రెట్లు. పంట డబ్బుల కోసం టైరు ఆగుతుందేమో గానీ, వాన ఆగదు.